అందరిదీ ఒకటే గొంతు

హాజరు వేళ నలభై రెండు రావాల్సిన చోట నలభై ఒక్క “వచ్చానండీ”లే వినిపించాయి. ఇలా జరగడం ఇది నాలుగో రోజు. రానిది ఎవరో వకుళ టీచరుకు తెలియదు. తెలియకూడదనే కదా చట్టం.

తుని బడిలో ప్రతి గదికీ మరుగుతెర అనే యంత్రం బిగించారు. అది పనిచేస్తున్నంతసేపూ పిల్లలు పెద్దల కళ్లకు మసక ఆకారాలుగానే కనబడతారు, అందరూ ఒకే గొంతుతో వినబడతారు. పేర్లుండవు, రోజుకో కొత్త అంకె. ఒకప్పుడు ఆరేళ్ల పిల్లల మార్కులూ జబ్బులూ ఏడుపులూ కంపెనీలకు అమ్ముడుపోయి, పెద్దయ్యాక వాళ్ల ఉద్యోగాలకే ఎసరు పెట్టాయి. ఆ గతి ఇంకే బిడ్డకూ పట్టకూడదని తెచ్చిన చట్టమిది. దానికోసం ఊరేగింపుల్లో నినాదాలిచ్చినవాళ్లలో వకుళ కూడా ఉంది.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గవర్రాజు పిలిచాడు.

“మీ తరగతి పాప జ్వరంతో పోయిందమ్మా. లోవలక్ష్మి. పోయినవాళ్లకి చట్టం వర్తించదు కాబట్టి పేరు చెప్పొచ్చు. తల్లి నూకరత్నం, రైలుగేటు పక్కన ఇల్లు. ఓసారి వెళ్లి పలకరించి రండి.”

మూడేళ్లు చదువు చెప్పిన పిల్ల పేరు వకుళ వినడం అదే మొదలు.

ఆ ఇంట్లో దండ వేసిన ఫొటో ఉంది. ఎత్తుపళ్లు, గడ్డం మీద చిన్న మచ్చ. ఎంతసేపు చూసినా కొత్త ముఖమే. నూకరత్నం వచ్చి వకుళ చేయి పట్టుకుంది.

“మా పిల్ల బళ్లో ఎలాగుండేదండీ? ఒక్క ముక్క సెప్పండి టీచరుగారూ. ఇంట్లో సంగతులే నాకు తెలుసు. అక్కడియ్యి మీకే తెలుస్తాయి.”

చావింటికి వెళ్లినవాళ్లు పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి రావడం ఆనవాయితీ. ఏమీ చెప్పకుండా కూర్చోలేక వకుళ నోటికొచ్చింది అనేసింది.

“బాగా పాడేదమ్మా. పొద్దున్న ప్రార్థనలో తన గొంతే ముందు వినపడేది.”

నూకరత్నం ఏడుపు ఆగిపోయింది. “పాడిందా? దానికి పుట్టిన కాడినుంచీ మాట లేదండీ.”

మూగతనం కూడా బిడ్డ సొంత సంగతే కనుక, మరుగుతెర సైగలను సైతం ఆ గొంతులోనే పలికించేదని వకుళకు అప్పుడు తట్టింది. తప్పయిపోయింది, నాకేమీ తెలియదమ్మా అని కాళ్ల మీద పడదామనుకుంది.

ఆలోపే నూకరత్నం ఆమె దగ్గరికి జరిగింది. కన్నీళ్లలోనే ముఖం విచ్చుకుంది.

“అయితే ఆ మిసనులో పాడేదన్నమాట. నేనెప్పుడూ ఇనలేదండీ. ఎలాగుండేదండీ దాని గొంతు?”

“సన్నగా, తియ్యగా ఉండేదమ్మా,” అంది వకుళ.

నూకరత్నం కళ్లు మూసుకుంది. “ఇంకా సెప్పండి,” అంది.