దండుదిబ్బ దగ్గర దిగాలి

"దిగండమ్మా, దిగండి!"

ముందు పోతున్న సైకిలు కీచుమని ఆగింది. దాని మీదున్న అమ్మాయి ఒక కాలు నేలకు ఆనించి, వెనక్కి తిరిగి, కేక వేసిన హజరత్తయ్యను ఎగాదిగా చూసింది.

"ఆడవాళ్లు సైకిలు తొక్కితే మీకేంది నొప్పి? గవర్నమెంటే నేర్పించి, సైకిలిచ్చి పంపించింది. పోయి దాన్నడగండి!"

అది పంతొమ్మిదివందల అరవై ఒకటో సంవత్సరం. ఇందుకూరుపేట బ్లాకాఫీసుకు కోవూరు నుంచి ఇందిరమ్మ అనే కొత్త గ్రామసేవిక వచ్చిందని హజరత్తయ్య విన్నాడు గానీ, ఆమెకు ఇంత నోరుందని ఎవరూ చెప్పలేదు. తన సైకిలును నడిపించుకుంటూ ఆమె దగ్గరికి వస్తుంటే, దానికి కట్టిన ఖాళీ పాలక్యాన్లు గలగలమన్నాయి.

"అయ్యో, అది కాదండీ. ఇది దండుదిబ్బ. ఈడ ఎవురైనా చెప్పులిడిచి, దిగి నడవాల్సిందే. మునసబు గారైనా సరే, పెండ్లికొడుకైనా సరే."

దారి పక్కన ఇసుకలో సగం కూరుకుపోయి, కత్తులు పట్టిన మనుషుల బొమ్మలతో రాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎవరో పొద్దున్నే పసుపు రాసి పోయారు.

"ఏ కాలంలోనో శత్రువుల దండొచ్చి ఊరి పశువుల్ని తోలకపోతా ఉంటే, అడ్డం నిలబడి చచ్చిన రైతులంట వీళ్లు. మనకోసం కాళ్ల మీద నిలబడినోళ్ల ముందర మనం కూర్చోని పోకూడదని మా అవ్వ చెప్తాది."

ఇందిరమ్మ ముఖంలో కోపం చల్లారింది. గబుక్కున దిగి, చెప్పులు చేతబట్టుకుని, రాయికి దండం పెట్టింది.

"తెలీక తొక్కినాను. ఏమీ అనుకోబాకండి."

ఆ దండం చూసిన నిమిషంలోనే హజరత్తయ్య పని అయిపోయింది.

మైపాడు వైపు పోయే ఆ కాలవగట్టు దారిలో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. చేతులు వదిలేసి కూడా తొక్కొచ్చు. అంత సుఖమైన దారి మీద హజరత్తయ్యకు కోపం వచ్చేది, ఇట్టే అయిపోతుందని. హోటళ్లకు పాలు పోసి, ఆమె బయలుదేరే వేళకే తనూ ఊరికి బయలుదేరేవాడు. దిబ్బ దగ్గర ఇద్దరూ దిగేవాళ్లు. ఆమె పొగలేని పొయ్యిల గురించి చెప్పేది, అతను తన గేదెల అలకల గురించి చెప్పేవాడు. ఆఖరి రాయి దాటగానే ఆమె సైకిలెక్కి తుర్రుమనేది.

ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"ఇంకా అయిపోలేదండీ. ఆ తాటిచెట్ల దాకా యుద్ధం జరిగింది."

వానలు పడేనాటికి ఆ యుద్ధం కాలవ తూము దాకా పాకింది. గుర్రాలు నీళ్లు తాగింది అక్కడేనన్నాడు. తర్వాత ఆపైనున్న సవకచెట్ల తోపును కూడా కలిపేశాడు.

"ఈడ ఎవరు చచ్చిపోయినారు?" అడిగింది ఇందిరమ్మ.

"ఎవురూ చావలేదు. ఈడ వంటోళ్లు డేరాలేసుకున్నారు."

"వంటోళ్లక్కూడా దిగాల్నా?"

"అన్నం పెట్టినోళ్లు గదండీ, వాళ్లకే ముందు దిగాల."

ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ తడుస్తూ నడిచారు గానీ, సైకిలెక్కుదామని ఒక్కరూ అనలేదు. ఆమె అటు పోగానే హజరత్తయ్య వెనక్కి వచ్చి, "చచ్చిపోయి కూడా నాకింత మేలు చేస్తా ఉండారు, సామీ" అని రాళ్లన్నిటికీ మొక్కుకున్నాడు.

కార్తీకంలో ఇందిరమ్మ నాయన రమణయ్య కోవూరు నుంచి సైకిలు మీద దిగాడు. కూతురు ఎవడితోనో దారి పొడుగునా నడుస్తోందని ఎవరో చేరవేశారు. అదే నిజమైతే ఉద్యోగం మాన్పించి, ఆ పూటే ఇంటికి తీసుకుపోతాడు.

కూతురి వెంట తనూ ఆ దారినే బయలుదేరాడు. దిబ్బ దగ్గర హజరత్తయ్యతో కలిపి ముగ్గురూ దిగారు. రమణయ్య ఆఖరి రాయి దాకా నడిచి ఆగాడు.

"దిగి నడవాల్సింది ఈడికేనా, ఇంకా ఉందా?"

ఇంకా ఉందంటే సరిపోతుంది. ఆచారం కొద్దీ నడుస్తున్నారని పెద్దాయన నమ్ముతాడు, ఇందిరమ్మ ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే ఇన్నాళ్ల అబద్ధం ఆమె ముందే బయటపడుతుంది. కానీ ఆ పెద్దాయన చెప్పులు చేతబట్టుకుని, పల్లేరుకాయలున్న ఇసుకలో వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. ఆయన్ను ఇంకో అడుగు వేయించడానికి హజరత్తయ్యకు మనసొప్పలేదు.

"ఈడికే అయిపోయిందయ్యా. ఆపైన యుద్ధమంతా నేను కల్పించిందే. ఆమె పక్కన ఇంకొంచెంసేపు నడవాలని ఆశపడినా. తప్పు నాది. ఆమెకేమీ తెలీదు."

తల ఎత్తి ఇందిరమ్మను చూసే ధైర్యం అతనికి లేకపోయింది.

"విన్నావు గదా?" రమణయ్య కూతురి వైపు తిరిగాడు. "సైకిలెక్కు, పోదాం."

ఇందిరమ్మ ఎక్కలేదు. చెప్పులు కింద వేసి తొడుక్కుంది. హ్యాండిలు పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ రాయి దాటి నాలుగడుగులు వేసి ఆగింది.

"ఇంక దిగి నడవాల్సిన పని లేదు నాయనా. ఇష్టమై నడుస్తా ఉండా."

రమణయ్య కూతురి కాళ్లకున్న చెప్పుల వంక చూశాడు. తర్వాత తనూ చెప్పులు వేసుకున్నాడు.

"మీ ఇంట్లో పెద్దోళ్లెవురు అబ్బయ్యా?"

"మా అవ్వ పెంచలమ్మ, అయ్యా."

"నేను ముందు పోయి ఆమెతో మాట్లాడతా. మీరు మెల్లిగా నడిచి రాండి."

ఆయన సైకిలెక్కి సాగిపోయాడు. హజరత్తయ్యకు కళ్లు చెమర్చాయి. ఆ రాళ్లకా, ఆ పెద్దాయనకా, ముందు నిలబడిన ఈమెకా, ఎవరికి ముందు దండం పెట్టాలో తెలియక, సైకిలు పట్టుకుని ఆమె పక్కన నడిచాడు.