పటంలో చిక్కిన పండితుడు

రెండు వందల ఏళ్ళ కిందట పోలండు దేశంలో, విస్తులా నది ఒడ్డున, జెనాన్ అనే దొర ఒక చిన్న రాజ్యాన్ని ఏలేవాడు. అతనికి తైలవర్ణ చిత్రాలు గీయడం వచ్చు, మంత్రవిద్య వచ్చు. చదువు మాత్రం రాదు. అందుకని రాజ్యంలోకెల్లా గొప్ప పండితుడైన లుద్విక్‌ను పిలిపించి, బొమ్మ గీస్తానని కుర్చీలో కూర్చోబెట్టాడు. నల్లకోటు, మెడకు చుట్టిన తెల్లగుడ్డ, చేతిలో పుస్తకం, అన్నీ గీశాక చివరికి కళ్ళు దిద్దాడు. మరుక్షణం కుర్చీ ఖాళీ అయింది. పండితుడు పటంలో చిక్కుకున్నాడు.

అది మొదలు దొర ఏది అడిగినా ఆ పటం జవాబు చెప్పక తప్పేది కాదు. ఎవరి పొలంలో నీటి ఊట ఉందో, ఏ కొండలో వెండి ఉందో తెలుసుకుని దొర అన్నీ లాక్కున్నాడు. తిండికి అల్లాడిన జనం, చెప్పింది పండితుడేనని ఆయన్నే తిట్టిపోశారు.

ఆ తిట్లు విని పండితుడి కూతురు హలీనా పళ్ళు బిగించింది. "నాన్నని బందీ చేసింది చాలక ఆ దొర ఇంత అపకీర్తి తెచ్చాడు. వాడి మీద పగ తీర్చుకోకపోతే నేను నాన్న కూతుర్నే కాదు" అని అడవిదారి పట్టింది.

అడవిలో చెట్టుతొర్రల్లో తేనె తీసే ముసలివాడొకడు ఆమె గోడు విన్నాడు.

"అడవి నడుమ నల్లదేవదారు చెట్టుంది తల్లీ. దాని బెరడు గీస్తే కారే నూనెతో పటం తుడువు, మీ నాన్న బయటికొస్తాడు. తుడిచిన గుడ్డతో మాత్రం జాగ్రత్త! అది ఎవరి ముఖానికి తగిలితే వాళ్ళు ఆ పటంలోకి పోతారు."

"ఎవరికి తగలాలో నాకు తెలుసు తాతా" అంది హలీనా.

దారిలో పెద్ద చిత్తడినేల అడ్డొచ్చింది. నీళ్ళలోంచి పచ్చజుట్టు దయ్యం ఒకటి లేచి తియ్యగా పిలిచింది. "ఇలా రా పిల్లా. ఒక్క మునక వేశావంటే నీ బాధ, నీ కోపం అన్నీ మరిచిపోతావు."

"నా కోపం నాకు కావాలి. దాని జోలికి రాకు!" అంటూ హలీనా చేతికర్రతో నీళ్ళను ఫెడేల్మని చరిచింది. దయ్యం బెదిరి మునిగిపోయింది. అదే కర్రతో నేలను పొడిచి చూసుకుంటూ ఆమె ఆవలి గట్టు చేరింది.

దేవదారు చెట్టు కింద కొండంత అడవిదున్న కాపలా ఉంది.

"ఎందుకొచ్చావు? నిజం చెప్తే దారిస్తా. అబద్ధమాడితే కుమ్మేస్తా" అంది.

"మా నాన్నని విడిపించుకోడానికి."

దున్న కొమ్ములు దించింది. "అది సగమే."

హలీనా వెనకడుగు వేయలేదు. "పగ తీర్చుకోడానికి కూడా. రెండిట్లో ఏది ఎక్కువో నాకే తెలీదు."

దున్న పక్కకు తప్పుకుంది.

హలీనా బెరడు గీసి, కారిన నూనెను సీసాలో పట్టుకుని కోటకు చేరి, పనివాళ్ళతో కలిసి లోపలికి వెళ్ళింది. పటం వేలాడదీసిన గదిలోనే దొర భోజనం చేస్తున్నాడు. అందరూ చూస్తుండగానే ఆమె పటాన్ని తుడవసాగింది.

"ఎవతివే నువ్వు?" అని అరుస్తూ దొర పరుగున వచ్చి ఆమె జుట్టు పట్టుకున్నాడు. అప్పటికే లుద్విక్ పటంలోంచి నేలమీదికి జారాడు.

"నువ్వు బందీ చేసినాయన కూతుర్ని!" అని హలీనా గిరుక్కున తిరిగి, రంగులంటిన గుడ్డను దొర ముఖానికేసి రుద్దింది. అతని కేక సగంలోనే తెగిపోయింది. ఇప్పుడు పటంలో జెనాన్ దొర నోరు తెరుచుకుని ఉన్నాడు. అది చూసి భటులు కత్తులు కింద పడేశారు.

లుద్విక్ వణుకుతూ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "సీసాలో ఇంకా నూనె ఉంది కదమ్మా. వాణ్ణీ తుడిచి బయటికి తియ్యి. లోపల ఎంత చలో నాకు తెలుసు."

"వాడికీ తెలియనీ నాన్నా" అని హలీనా సీసాను నేలకేసి కొట్టింది.

జనం హలీనాకే కిరీటం పెట్టారు. ఆమె ఎవరి పొలాలు వాళ్ళకు తిరిగి ఇప్పించి, ఆ రాజ్యాన్ని కలకాలం చల్లగా ఏలింది. తిట్టినవాళ్ళే తమ పిల్లల్ని లుద్విక్ దగ్గరికి చదువుకు పంపారు. ఆయన ఆ పటం ముందునుంచి వెళ్ళేటప్పుడల్లా తల దించుకునేవాడు. హలీనా మాత్రం ఆగి, తనివితీరా చూసి మరీ వెళ్ళేది.