కొవ్వొత్తుల కొట్టులో హాగి అబ్బాయి

"లోపలికి రండి. ఆ పేపరు మాత్రం బయటే పారేయండి."

నెత్తిన పేపరు కప్పుకుని వానలో పరుగెత్తుకొచ్చిన మునెకతా గుమ్మంలోనే ఆగిపోయాడు. కొవ్వొత్తి మీద చేమంతి పువ్వు వేస్తున్న అమ్మాయి తల ఎత్తకుండానే మాట్లాడుతోంది.

"పేపరు మీద అంత కోపం ఏమిటండీ?"

"దాన్లో సీరియల్ వస్తోంది. వందేళ్ళ కిందటి యుద్ధం కథ. మా ఇంటి పెద్దాయన తొగాషి గెంబె, కావలి కాస్తున్న కోట తలుపు వదిలేసి, కత్తి పారేసి పారిపోయాడట. ఊరంతా చదివారు. అప్పట్నించీ మా నాన్నమ్మ పగటిపూట ఊరందరూ వెళ్ళే స్నానశాలకి వెళ్ళడం మానేసింది. జనం పోయాక, మూసే వేళకి వెళ్తోంది."

మునెకతాకి మెడ నుంచి చెవుల దాకా వేడెక్కింది. కలం పేరుతో ఆ సీరియల్ రాస్తున్నది అతనే. కిందటి వసంతంలో ఈ వీధి చివర శ్మశానంలో, నాచు పట్టిన రాతి మీద ఆ పేరు చూశాడు. పలకడానికి బాగుందని కథలో పిరికివాడికి తగిలించాడు. ఆ రాతికి మనవలుంటారని తోచనే లేదు.

"రచయితకి తెలిసి ఉండదు," అన్నాడు.

"తెలియకపోతే అడగాలి. నోరు లేదా?" ఇప్పుడు తలెత్తి చూసింది. "మీది ఏ ఊరు?"

"ఒసాకా."

అది రెండో తప్పు. అతనిది హాగి. ఆ యుద్ధంలో ఈ ఐజు ఊరిని ఓడించింది హాగి పక్షం. ప్రభుత్వం మారింది, రాజధాని మారింది, జుట్టు ముడులు పోయి క్రాపులొచ్చాయి. కానీ ఐజు వాళ్ళు హాగికి పిల్లనిచ్చారన్న మాట ఇప్పటికీ ఎవరూ వినలేదు.

మర్నాడు రైలెక్కాల్సినవాడు ఎక్కలేదు. కొవ్వొత్తి కొన్నాడు. ఆ మర్నాడూ కొన్నాడు. అమ్మాయి పేరు చిసే అని తెలిసింది. అతను దిగిన సత్రం ఆవిడ గది చూసి, "బాబూ, మా కరెంటు మీద నమ్మకం లేదా?" అంది.

చిసే నవ్వినప్పుడల్లా అతనికి చెప్పకుండా దాచిన మాట గుర్తొచ్చేది. చివరికి ఒక మధ్యాహ్నం, మళ్ళీ వాన పడుతుండగా, చెప్పేశాడు.

"ఆ సీరియల్ రాసేది నేనే."

కుంచె ఆగింది. చేమంతి రేకు మీద ఎర్రరంగు జారింది.

"నాకెందుకు చెప్తున్నారు? నాన్నమ్మ లోపల ఉంది. స్టేషను అటు ఉంది. ఎటు వెళ్తారో చూస్తాను."

అతను లోపలికే వెళ్ళాడు. చాప మీద నుదురు ఆనించి అంతా చెప్పాడు. రేపే పేపర్లో క్షమాపణ వేయిస్తానన్నాడు.

"వద్దు," అంది ముసలావిడ. "మా తాత పారిపోయిన మాట నిజమే."

గుమ్మంలో చిసే గుడ్లప్పగించింది. "నాన్నమ్మా?"

"ఆయన పారిపోకపోతే నేనూ లేను, నువ్వూ లేవు. కోట తలుపు దగ్గరే పోయాడని ఊరికి చెప్పుకుంటూ వచ్చాం. నాకు సిగ్గు ఈ అబ్బాయి అబద్ధం రాశాడని కాదే. తెలియకుండానే నిజం రాశాడని." మునెకతా వైపు తిరిగింది. "కానీ కత్తి పారేశాడని రాశావే, అది తప్పు. పగిలిన గిన్నె కూడా పారేసే మనిషి కాదు. కత్తి అటక మీద ఉంది. అది మాత్రం దిద్దు."

"దిద్దుతాను."

"ఏ ఊరబ్బాయివి?"

చిసే "ఒసాకా" అనబోయింది. అతను అడ్డుపడ్డాడు. తల మాత్రం ఎత్తలేదు.

"హాగి అండీ."

చిసే గుమ్మం దాటి లోపలికి వచ్చింది.

"ఇంకేమైనా దాచారా?" అంది చిసే.

"కొవ్వొత్తులంటే నాకు ఇష్టం లేదు. రోజూ వచ్చింది వాటి కోసం కాదు."

ముసలావిడ అతని వైపు వంగింది. "ఇదంతా చెప్పకుండా రైలెక్కేస్తే ఎవరికి తెలిసేది?"

"ఎవరికీ తెలిసేది కాదండీ."

ఆవిడ లేచి, స్నానానికి తీసుకెళ్ళే చెక్కబొక్కెన అందుకుంది. బయట ఇంకా వెలుతురు ఉంది. వీధిలో జనం ఉన్నారు.

"చిసే, అన్నం ముగ్గురికి పెట్టు. నేను స్నానశాలకి వెళ్ళొస్తాను. ఈ హాగి అబ్బాయి గొడుగు పడతాడు."

అతను గొడుగు తెరిచాడు. వెనక నుంచి చిసే గొంతు వినిపించింది.

"గొడుగు ఆవిడ వైపు వంచండి. మీరు తడిస్తే పరవాలేదు. తిరిగొచ్చాక తల నేను తుడుస్తాను."