చౌడమ్మను చంపిందెవరు?

సోమవారం ఉదయం పది గంటలకు శవం తన కాళ్ళతో తానే పోలీస్ స్టేషన్‌కు నడిచొచ్చింది.

శవం పేరు చౌడమ్మ. వయసు డెబ్బై రెండు. వక్క నములుతూ బెంచీ మీద కూర్చుంది. పెన్షన్ రికార్డు ప్రకారం ఆమె చనిపోయి రెండు నెలలైంది. అందుకే నెలనెలా బ్యాంకులో పడే డబ్బు ఆగిపోయింది.

పక్కనే కొడుకు మంజునాథ్. బళేపేట బజారులో దారాల షాపు. వర్తక సంఘానికి కాబోయే అధ్యక్షుడు. ఆ డబ్బులేవో తానే ఇస్తానని దారి పొడవునా తల్లిని బతిమాలుతూనే వచ్చాడు. ఆమె వినలేదు. స్టేషన్ మెట్లెక్కేసరికే అతని చొక్కా చెమటతో తడిసింది.

ఎస్సై కాత్యాయని సర్వే చేసిన రియాజ్‌ను పిలిపించింది. పెన్షన్‌దారుల ఇళ్ళు తిరిగి, ఉన్నారో లేరో యాప్‌లో ఎక్కించే కాంట్రాక్ట్ ఉద్యోగం అతనిది. వస్తూనే మంజునాథ్ వైపు వేలు చూపించాడు.

"ఆరోజు ఈ సార్‌గారే చెప్పారు మేడమ్, వాళ్ళమ్మ చనిపోయి వారమైందని. కొడుకే చెప్తే నమ్మకుండా ఎట్లా?"

"నేను ఇంట్లోనే లేను," అన్నాడు మంజునాథ్. "ఆరోజు పొద్దున ఎనిమిది నుంచీ షాపులో ఉన్నాను."

ఎవరి మాట చెల్లుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. ఒకడు పరువున్న వ్యాపారి. రెండోవాడు ఈ సాయంత్రానికి ఉద్యోగం ఊడబోయే మనిషి. పైగా తప్పుడు రిపోర్టు కేసు కూడా పడుతుంది. ఇద్దరు పిల్లలున్నారని రియాజ్ మొరపెట్టుకున్నాడు. మంజునాథ్ గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. తన మీద తనకే సిగ్గేసింది. అయినా క్యాలెండర్ మీంచి చూపు తిప్పలేదు.

కాత్యాయని రియాజ్ ఫోన్ అడిగి తీసుకుంది. వెళ్ళిన ప్రతి ఇంటి గుమ్మాన్నీ ఫోటో తీయాలన్నది రూల్. ఫోటోలో మూసిన తలుపు, నంబరు ప్లేటు, మూలన తేదీ, టైము 10.40. మనిషి లేడు. పైవాళ్ళంతా చూసి పక్కన పడేసిన ఫోటో అది. ఆమె దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, గడప దాకా కిందికి జరిపింది.

"మీ కాలికేమైంది?" అని మంజునాథ్ పాదాల వైపు చూస్తూ అడిగింది.

"కాలేజీ రోజుల్లో యాక్సిడెంట్ మేడమ్. ఎడమకాలు కాస్త పొట్టి."

"ఈ చెప్పులు ప్రత్యేకంగా చేయించుకున్నవా?"

"అవును. ఎప్పుడూ ఇదొక్క జతే. ఇవి లేకుండా వీధి చివరికి కూడా పోలేను."

మాట పూర్తయ్యాక గానీ అతనికి వెలగలేదు.

ఆమె ఫోన్ అతని ముందు పెట్టింది. గడప పక్కన ఆరు జతల చెప్పులు. ఐదు మామూలువి. ఆరో జతలో ఎడమ చెప్పుకు అంగుళం ఎత్తు సోల్.

"అందరూ తలుపు చూశారు. విడిచిన చెప్పులు ఎవరూ చూడలేదు. ఆరోజు షాపుకి వట్టికాళ్ళతో వెళ్ళారా?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. ఆరోజు సంఘం పెద్దలు ఇంట్లో కాఫీకి వచ్చారు. ప్రభుత్వం ఊరికే డబ్బులు పంచి జనాన్ని సోమరులను చేస్తోందని అతను వాళ్ళముందు దంచి పారేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పెన్షన్ తీసుకునే చౌడమ్మ ఇల్లు ఇదేనా అని బయట రియాజ్ కేక. తల కొట్టేసినట్టయింది. గుమ్మంలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నోటికొచ్చింది చెప్పి పంపేశాడు.

"అప్పుడు మీ అమ్మ ఎక్కడున్నారు?"

జవాబు చౌడమ్మ ఇచ్చింది. "వంటింటి కిటికీ కాడ ఉంటిని మేడమ్. వాళ్ళకి కాఫీ వడగడతా."

మంజునాథ్ నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తెలిసీ ఇంట్లోనే ఎందుకు అడగలేదని గొణిగాడు.

"ఇంట్లో అడిగితే డబ్బులిచ్చి నా నోరు మూయిస్తావు. ఈయప్ప పని పోతాదని తెలిసినాకైనా నీ నోట్లోనుంచి వస్తాదేమోనని ఇంతసేపూ చూస్తా కూర్చుంటిని." ఆమె అతని పాదాల వైపు చూసింది. "మీ నాయన పోయినాక వచ్చిన పెన్షన్‌తోనే మంజూ, నీకు మొదటి జత కుట్టిచ్చింది."

రియాజ్ తప్పేమీ లేదని కాత్యాయని రాసుకుంది. తర్వాత మంజునాథ్ వైపు తిరిగింది.

"ఈమె ఎవరు?"

"మా అమ్మ."

"బతికున్నారా?"

సంఘం మీటింగుల్లో మైకు లేకుండానే హాలంతా వినిపించే గొంతు అది. ఇప్పుడు అతని జవాబు ఎదుటి కుర్చీకి కూడా అందలేదు. వినపడలేదంది కాత్యాయని.

"ఉండాది మేడమ్," అన్నాడు తన చెప్పుల వైపే చూస్తూ. "మా అమ్మ బతికే ఉండాది."