చేదుమాత్ర చెప్పిన ఒక్క మంచిమాట

“కుక్కర్ ఇలా ఇవ్వు నానమ్మా. ఇంకోసారి అడగను.”

“అడిగినా ఇవ్వను, అడక్కపోయినా ఇవ్వను.”

“మరి అమ్మ దేంట్లో వండాలి?”

“వండితే తినేదెవరే? నిన్నటి నుంచీ మీ నాన్న పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తండ్రి తీసిన సినిమాకి హాలుదాకా వెళ్ళే తీరిక లేదు గానీ, ఫోనుకైతే తీరికే తీరిక!”

“పరీక్ష ఉందని చెప్పానా లేదా?”

గుమ్మంలో నిలబడ్డ ఇద్దర్నీ ఎవరూ గమనించలేదు. ముసలావిడ నిన్న సాయంత్రం ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ లాక్కుని ప్రెషర్ కుక్కర్లో పడేసి, మూత బిగించి, అప్పట్నుంచీ దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. లోపల్నించి ఉండుండి ఏదో ఫోను గుర్రుమంటోంది.

నవ్వొచ్చినా తోక నవ్వలేదు. ఆ ఇంటి గాలిలో నవ్వేందుకు చోటు లేదు. ముప్పయ్యేళ్ళ మనిషిని తోక అనడం మర్యాద కాదు గానీ, ఎప్పుడూ డిటెక్టివ్ వెనకే తిరుగుతాడని వాళ్ళ ఆఫీసు కింద బట్టలు కుట్టే ఆయన పెట్టిన పేరది. ఆ డిటెక్టివ్‌కి పెట్టిన పేరు భూతద్దం మేడమ్. ఇద్దరికీ ఆ పేర్లే స్థిరపడిపోయాయి.

ఆ ఇంటి ఇల్లాలు పొద్దున్నే వాళ్ళ ఆఫీసుకి వచ్చింది. సినిమాల్లో తెరమీద కనిపించేవాళ్ళకి గొంతు అరువిచ్చే పని ఆమెది. ఏడుస్తున్నా సరే, అడుగున చిన్న జీరతో ఆ గొంతు గదంతా పరుచుకుంది.

ఆమె చెప్పింది ఇదీ. భర్త ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి తీసిన మొదటి సినిమా శుక్రవారం విడుదలైంది. మొదటి ఆట ఇంకా ముగియకముందే చేదుమాత్ర అనే పేరుతో ఎవరో సోషల్ మీడియాలో సినిమాని చీల్చి చెండాడుతూ ఓ పొడుగాటి పోస్టు పెట్టారు. చేదుమాత్రకి మొహం లేదు, ఊరూ పేరూ లేవు. కాని ఆ మాటంటే చాలామందికి వేదవాక్కు. సాయంత్రానికి ఎవరి ఫోనులో చూసినా ఆ ఎగతాళే. శనివారానికి ఒక్క హాలు తప్ప అన్నిచోట్లా సినిమా ఎత్తేశారు.

“పోతే పోయింది మేడమ్, సినిమా. కాని ఆట ముగియకుండానే అంత వివరంగా రాశారంటే, ముందే చూసినవాళ్ళ పనేనని మా ఆయన పట్టు. ముందే చూసింది ఇంట్లోవాళ్ళమే. ఎడిటింగు చేసింది మా తమ్ముడు. రెండో సగంలో పాట తీసెయ్యమని వాడు పోట్లాడాడు, పోస్టులోనూ అదే ఉంది. దాంతో సాయంత్రంలోగా ఇల్లు వదిలి పొమ్మన్నారు. నా తోడబుట్టినవాడు వాడొక్కడే. వాడు గడప దాటితే ఆ ఇంట్లో ఇక ఎవరి మొహం ఎవరం చూసుకోం.”

“ఇందులో తల్లి పాత్రకి గొంతు మీదేనా?” అంది మేడమ్, ఫోనులో ఆ పోస్టు చదువుతూ.

ఆమె కిటికీ వైపు తిరిగింది. “మొదట నేనే చెప్పాను” అంది.

ఆమె వెళ్ళాక మేడమ్ తోకని ఉదయం ఆటకి తరిమింది. హాల్లో వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. సగంమంది ఒళ్ళో ఫోన్లు వెలుగుతున్నాయి. ఎక్కడ నవ్వాలో ముందే చదువుకుని వచ్చినట్టు, సన్నివేశం మొదలవకుండానే ఇకిలిస్తున్నారు. తోక కూడా పోస్టు చదివే వెళ్ళాడు. ఆసుపత్రి వరండాలో తల్లి కుప్పకూలినప్పుడు వెనకెవరో ఈల వేస్తే తనకీ నవ్వొచ్చేసింది.

“ఎలా ఉంది?” అంది మేడమ్, తిరిగొచ్చాక.

“అందరూ అన్నట్టే ఉంది మేడమ్.”

“అందరి సంగతి నాకెందుకోయ్? నువ్వేం చూశావు?”

రెండు గంటలు కూర్చుని తోక చూసింది సినిమా కాదు, పోస్టులోని మాటలు నిజమో కాదో సరిచూసుకున్నాడంతే.

“పోనీ, వినడమైనా విన్నావా? తల్లి గొంతు ఎలా ఉంది?”

“సన్నగా ఉంది మేడమ్. గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు.”

మేడమ్ ఇంకేం అడగకుండా చెప్పులు వేసుకుంది.

*

దర్శకుడు లోపలి గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది.

“ఇంకెవరండీ? వాడే. ఆ పాట తీసెయ్యమని వాడు నాతో అన్న మాటలే అవి, అక్షరం పొల్లుపోకుండా!”

“ఆ పోస్టు మీరెన్నిసార్లు చదివారు?”

“కంఠతా వచ్చేసింది.”

పక్కగదిలో బావమరిది సంచీలో బట్టలు కుక్కుతున్నాడు.

“రాసింది నేను కాదండీ. బావ నమ్మడు. నమ్మకపోతే పోనీ.”

“ఇంట్లో అందరూ కలిసి చూసిన కాపీ, హాల్లో ఆడుతున్నదీ ఒకటేనా?”

అతని చేతులు ఆగాయి. “ఇంచుమించు.”

“ఇంచుకీ మించుకీ మధ్య ఏముంది బాబూ?”

అతను వంటింటి వైపు బెదురుగా చూసి, గొంతు తగ్గించి ఒక్క మాట చెప్పాడు. మేడమ్ తలూపింది.

ముసలావిడ దగ్గర కూర్చుని, “మీరూ చూశారా పెద్దమ్మగారూ?” అంది.

“ఆ, నెలకిందట టీవీలో వేశారుగా. సగంలోనే కునుకు పట్టేసిందమ్మా. నా కొడుకుతో అనకు, చిన్నబుచ్చుకుంటాడు.”

“ఈ కుక్కర్ ఎప్పుడైనా దించారా?”

“స్నానానికి వెళ్ళినా పక్కనే పెట్టుకున్నా.”

నిన్నటి దాకా గంటకో చురక వేసిన చేదుమాత్ర, నిన్న సాయంత్రం నుంచి మూగనోము పట్టిన సంగతి తోకకి అప్పుడు తట్టింది.

*

అందరూ ముందు గదిలో చేరారు. సంచీ భుజాన వేసుకుని బావమరిది తలుపు దగ్గరే నిలబడ్డాడు. మేడమ్ తన ఫోను తోక చేతికిచ్చి పోస్టు మొదట్నుంచీ చివరిదాకా పైకి చదవమంది.

తోక చదువుతుంటే దర్శకుడి పెదవులు కదిలాయి. “కెమెరాకి కునుకు పట్టింది”, “పాట వచ్చింది, ప్రేక్షకుడు పోయాడు.” ప్రతి పోటూ అతనికి కంఠోపాఠమే. ముసలావిడ కూడా రెండు ముక్కలు అందించింది. అలా చదువుతూ తోక చివరి పేరాకి వచ్చాడు.

“ఇంత చెత్తలోనూ నిజమైంది ఒక్కటుంది. ఆసుపత్రి వరండాలో తల్లి నవ్వబోయి ఏడ్చినప్పటి ఆ జీరగొంతు. అది విన్నాక కాసేపు నేనేమీ రాయలేకపోయాను.”

ఈసారి ఎవరి పెదవులూ కదల్లేదు.

“ఇది మీకు కంఠతా రాలేదేం?” అంది మేడమ్.

“అలాంటి వాక్యం... ఉందా?” అన్నాడు దర్శకుడు.

“శుక్రవారం నుంచీ ఉంది. తిట్లు మాత్రం వందసార్లు చదివారు. లోకమంతా అంతే చేసింది. మొదటి ఆటనుంచీ హాల్లో వినిపిస్తున్నది సన్నగొంతు, జీరగొంతు కాదు. ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదంటే, పొగిడిన చోట ఎవరూ ఆగలేదన్నమాట. జీరగొంతు ఉన్నది ఈ ఇంట్లో వేసుకున్న కాపీలో మాత్రమే. తర్వాత మార్చారు. అవునా?”

దర్శకుడు భార్య వైపు చూడలేదు. “పెట్టుబడి పెట్టినాయన పట్టుబట్టాడు. చెబుదామనుకుంటూనే...”

“హాల్లో విన్నాను” అంది ఆమె.

తోకకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవేళ హాలంతా నవ్వుతుంటే, తన గొంతు ఉండాల్సిన చోట ఇంకొకరి గొంతు వింటూ ఈవిడ కూర్చుందన్నమాట.

“మార్చినట్టు దర్శకుడికి తెలుసు, మార్చిన చేతులు తమ్ముడివి. లేని గొంతుని వీళ్ళెందుకు పొగుడుతారు? అంచేత ఆ సంచీ దించు బాబూ. పెద్దమ్మగారు ఆసుపత్రి రాకముందే నిద్రపోయారు. ఇక ఈవిడ. తన గొంతు తీసేశారన్న మాటే నా దగ్గర మింగేసిన మనిషి, ఊరందరిముందూ తనని తాను పొగుడుకోదు. మిగిలిందల్లా హాలుకి వెళ్ళని ఒక్కరు. ముందే రాసి పెట్టుకుని, ఆట ముగిసే వేళకి వదిలారు. సినిమా మారిందని వాళ్ళకి తెలీదు. ఫోన్లు కుక్కర్లోకి వెళ్ళాక చేదుమాత్రకి మాట పడిపోయింది.”

కూతురు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది.

“నువ్వటే?” అన్నాడు తండ్రి. కేక వేస్తాడనుకున్నారంతా. కుర్చీలో కూలబడ్డాడు.

“నా మొదటి పోస్టు గుర్తుందా నాన్నా? ఎవరో పెద్దాయన సినిమా మీద రాసింది. నువ్వు భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించావు. నవ్వి నవ్వి తాగుతున్న నీళ్ళు పొలమారాయి నీకు. ఎవడోగానీ మహానుభావుడన్నావు. నేనేం చెప్పినా నువ్వెప్పుడూ అంత నవ్వలేదు.”

అది అబద్ధం కాదని అందరి మొహాలూ చెప్పాయి. రెండేళ్ళుగా ఆ ఇంట్లో చేదుమాత్ర లేకుండా భోజనం ముగిసింది లేదు.

“నీ సినిమా వదిలేస్తే, చేదుమాత్ర భయపడిందంటారని... అన్ని సినిమాలకీ నవ్వినట్టే ఓ రోజు నవ్వి ఊరుకుంటారనుకున్నా. మావయ్య మీదికి పోతుందని తెలీదు. పోయాక చెప్పే ధైర్యం లేకపోయింది.”

“ఇంతకీ సినిమా నీకెలా అనిపించిందమ్మా?” అని మేడమ్ మెల్లగా అడిగింది.

“తెలీదండీ. నేను చూళ్ళేదు. మనింట్లో వేసిన రోజు చీకట్లో తప్పులు ఫోనులోకి ఎక్కించుకుంటూ కూర్చున్నా. ఏ సినిమా అయినా ఇప్పుడంతే, మామూలుగా చూడ్డం రావట్లేదు. అమ్మ గొంతు వచ్చినప్పుడు మాత్రం ఫోను పక్కన పెట్టాను.”

దర్శకుడు లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు. బావమరిది భుజాన ఉన్న సంచీ తీసుకోబోయాడు. అతను ఇవ్వలేదు, అలాగని బయటికీ నడవలేదు.

“తప్పు నాదేరా. అన్నం తిని మాట్లాడుకుందాం” అన్నాడు దర్శకుడు.

“నాతో కాదు బావా. ముందు అక్కతో మాట్లాడు.”

భర్త ఆమె వైపు తిరిగాడు. క్షమాపణ అడగబోయాడు. కూతురు తల్లి పక్కకి జరిగి చెయ్యి పట్టుకుంది. ఇల్లాలు ఆ చెయ్యి విడిపించుకోలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

“సాయంత్రం ఆటే ఆఖరుట” అంది, రేపటి వంట సంగతి చెప్పినంత మామూలుగా. “మొన్న హాల్లో వెనకవాళ్ళ నవ్వులే విన్నాను, సినిమా చూళ్ళేదు. ఇవాళ వెళ్ళి చూస్తాను. బాగుందో లేదో వచ్చాక ఎవరూ అడగొద్దు. నాతో ఎవరూ రావొద్దు కూడా. ఒక్కదాన్నే వెళ్తాను.”