కొక్కేల మీది జెర్సీలు

కాలేజీ ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు ఉతకడం ఓర్ఫా పని. ఆ ఏడు జట్టు ఒక్క ఆటా ఓడలేదు. మంచి ఆటగాళ్ళంతా రెండో ప్రపంచ యుద్ధానికి పోయారు. మిగిలింది మీసాలు రాని పిల్లలు, సైన్యం వద్దని తిప్పి పంపినవాళ్ళు. అయినా గెలుస్తూనే ఉన్నారు. అమెరికాలోని అయోవాలో ఆ చిన్న ఊరంతా మురిసిపోతోంది.

ఓర్ఫాకు మాత్రం ఎక్కడో తేడాగా ఉంది.

యుద్ధానికి వెళ్ళేవాడు తన జెర్సీని బట్టలు మార్చుకునే గదిలో కొక్కేనికి తగిలించి వెళ్ళాలి. వాడు తిరిగొచ్చేదాకా దాన్ని ఎవరూ తొడగకూడదు. కోచ్ హాకెట్ పెట్టిన ఆనవాయితీ అది. ఓర్ఫా ఒక్కగానొక్క కొడుకు వెర్లిన్ జెర్సీ కూడా అక్కడే ఉంది. వాడు ఇటలీలో ఉన్నాడు.

అక్టోబరులో ఒక సోమవారం, ఉతికే బుట్టలో కొక్కెం మీది జెర్సీ ఒకటి కనిపించింది. హారిస్ వాళ్ళ అబ్బాయిది. నిండా బురద. చంకల్లో చెమట ఇంకా ఆరలేదు. కొడుకు సైన్యంలో ఉన్న ప్రతి ఇంటి కిటికీలోనూ, వెళ్ళినవాళ్ళు ఒక్కొక్కరికి ఒక నీలం చుక్క చొప్పున కుట్టిన గుడ్డ వేలాడుతుంది. ఆ వారమే హారిస్ వాళ్ళ చుక్క బంగారు రంగుకు మారింది. కొడుకు పోయాడని గుర్తు.

తర్వాత ఇంకో జెర్సీ. ఇంకో కిటికీ.

"కోచ్ గారూ, వీటిని ఎవరు తొడుగుతున్నారు?" అని గొణిగింది ఓర్ఫా.

"ఎవరూ తొడగరమ్మా." ఆయన ఆమె వంక చూడలేదు. "ఉతికి మళ్ళీ తగిలించెయ్."

"మరి మురికెలా అవుతున్నాయి?"

"గెలుస్తున్నాం కదా. అది చాలదూ?"

ఆ శనివారం ఆటకు ముందే ఓర్ఫా గదిలోకి వెళ్ళింది. వెర్లిన్ జెర్సీ తీసి తనే తొడుక్కుంది. పైన కోటు వేసి, మెడదాకా బొత్తాలు పెట్టుకుంది. ఇక ఎవడు తొడుగుతాడో చూద్దాం అనుకుంది.

"ఏమే, లావెక్కావు?" అంది మైదానం మెట్ల మీద పక్కన కూర్చున్న స్నేహితురాలు థెల్మా. "రేషన్ చక్కెరంతా నువ్వే మింగుతున్నావా?"

ఓర్ఫా కోటు మెడ ఇంకా దగ్గరికి లాక్కుంది.

మంచు కలిసిన వాన మొదలైంది. మబ్బుకు మైదానం మసకబారింది. జట్టు వెనకబడింది. ఊరు ఊరంతా నోరు మూసుకుని కూర్చుంది.

అప్పుడు కోటు లోపలి నుంచి తడిమట్టి వాసన వచ్చింది. జెర్సీ బరువెక్కింది. జెర్సీ చేతిలోపల ఏదో కదిలింది... ఆమె చేతి పక్కనే ఇంకో చెయ్యి, మెల్లగా లోపలికి దూరుతోంది. మంచుగడ్డలా ఉంది.

"అమ్మా... పిలుస్తున్నారు..."

చెవిలోనే. వెర్లిన్ గొంతు.

"వద్దు నాన్నా," అంది పెదవులు కదపకుండా. "నేను పోతాలే."

తర్వాత ఈల మోగింది. అందరూ లేచి అరుస్తున్నారు. గెలిచారు.

"ఎక్కడికి పోయావే?" అంది థెల్మా. "ఆట చివర్లో నీ చోటు ఖాళీ. నీ దుప్పటి ఎవడైనా ఎత్తుకుపోతాడని నేనే దాని మీద కూర్చున్నా."

"ఇక్కడే ఉన్నాగా."

"ఊరుకోవే."

ఇంటికి పరిగెత్తింది. కిటికీలో చుక్క నీలంగానే ఉంది. కోటు విప్పితే జెర్సీ మీద మరక లేదు, ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. కుర్చీలో కూలబడి, తెరిపిన పడి, మేజోళ్ళు విప్పుకుంది.

మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. గాయంలో గడ్డి.

సోమవారం వెర్లిన్ జెర్సీని దాని చోట తగిలించింది. వరస చివర కొత్త కొక్కెం కొట్టి ఉంది. దానికి ఆమె ఉతుకుడు ఏప్రన్ వేలాడుతోంది. తీయబోయింది.

"గురువారం, పండగ రోజున ఆఖరి ఆట," అన్నాడు వెనక నుంచి కోచ్, నెమ్మదిగా. "ఎవరిది తీస్తావో, ఎవరిది ఉంచుతావో ఆలోచించుకో అమ్మా."

ఓర్ఫా కొడుకు జెర్సీ వంక చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి కిటికీలో, వెర్లిన్ చుక్క పక్కనే, ఇంకో నీలం చుక్క కుట్టి ఉంది. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. దారం కొస ఇంకా తడిగా ఉంది... ఎవరో ఇప్పుడే పంటితో కొరికి తెంపినట్టు.