రెండో రకం కార్డు

"దీని పని ఖతమైంది మేడమ్. చేసిన కంపెనీనే మూతపడ్డది. కొత్తవి వేయించుకోండ్రి," అన్నాడు రత్నాకర్.

అబిడ్స్‌లో అతని కంప్యూటర్ పార్టుల దుకాణానికి జెర్లిన్ రావడం అదే మొదటిసారి. కౌంటర్ మీద పెట్టిన పాత నెట్‌వర్క్ కార్డును చటుక్కున లాక్కుంది.

"ఖతమైంది కార్డు కాదు, మీ ఓపిక. నేను కొత్తది అడిగిన్నా? ఇదే కంపెనీది రెండో రకం ఉందా అని అడిగిన."

నాంపల్లిలో చర్చి వెనక గదిలో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పుతుంది జెర్లిన్. అన్నీ ఆఫీసుల వాళ్ళు వద్దనుకుని ఇచ్చిన మిషన్లే. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంది. ఆ లినక్స్ బాగోగులు చూసేవాళ్ళు ఈమధ్య ఒక మెయిల్ పెట్టారు: ఈ పాత కార్డును నడిపించే ప్రోగ్రామును పట్టించుకునే దిక్కు లేదు, వచ్చే వెర్షన్‌లో తీసేస్తాం అని. తీసేస్తే ఆ గదిలో ఒక మిషన్‌కు ఇంకో మిషన్‌తో మాటలుండవు.

జెర్లిన్‌కు ఒళ్ళు మండింది. దిక్కు నేనున్నానని జవాబు రాసి, ప్రోగ్రాములో తప్పు తనే దిద్ది పంపింది. వాళ్ళు మెచ్చుకుంటూనే మెలిక పెట్టారు. ఆ కార్డులో రెండు రకాలున్నాయి, రెండింటి మీదా నడిచినట్టు చూపించాలన్నారు.

"ఉండె. మొన్ననే తుక్కుల ఏసిన," అన్నాడు రత్నాకర్.

"అయితే తుక్కులకెళ్ళి తీయండ్రి."

"మీరు పాతయి బతికిస్తే కొత్తయి అమ్మేటోడు ఏం గావాలె?"

"అది మీ ఫికర్. దొరికితే నాంపల్లి చర్చి వెనక గదికి తెండ్రి," అని గొడుగు విప్పి వెళ్ళిపోయింది.

ఆ పొగరుకు అతనికి కోపం రావాలి. రాలేదు సరికదా, గొడుగు సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు జోరువానలో చర్చి వెనక గది గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నిలువెల్లా తడిశాడు గానీ, చొక్కా లోపలి నుంచి తీసిన పాలిథిన్ కవరులో కార్డు మాత్రం పొడిగా ఉంది.

"ఉస్మాన్‌గంజ్ తుక్కు గోదాంల దేవులాడిన. నవ్వకుండ్రి."

"నవ్వుత," అంటూ తువ్వాలు అందించింది.

కార్డు బిగించారు. నడవలేదు.

"చెప్పిన కద..." అనబోయి, ఆమె ముఖం చూసి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆమె ప్రోగ్రాము మారుస్తుంటే, అతను మిషన్ విప్పుతూ బిగిస్తూ పక్కనే కూర్చున్నాడు. వాన వెలిసే వేళకు అవతలి మిషన్ నుంచి జవాబు వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, కావలసినదానికంటే కాస్త ఎక్కువసేపే. వెళ్తూ వెళ్తూ అతను కార్డు జేబులో వేసుకున్నాడు.

ప్రోగ్రాము ఉంటుందని మెయిల్ వచ్చిన రోజు జెర్లిన్ అబిడ్స్‌కు పరుగున వచ్చింది.

"ఇగ ప్రతి వెర్షన్‌కు రెండు రకాలూ టెస్ట్ చెయ్యాలంట. ఆ కార్డు నాకిచ్చెయ్యండ్రి, నేను చూసుకుంట."

"ఇయ్య."

"ఏంది?"

"ఇస్తే మీరు నన్నెందుకు పిలుస్తరు? వెర్షన్ వచ్చినప్పుడల్లా నేనే తెస్త."

జెర్లిన్‌కు సంతోషం దాచుకోవడం చేతకాలేదు.

"వెర్షన్ దాకా ఆగుడెందుకు? ఆదివారం ప్రార్థన అయినంక మా ఇంటికి రా. మా డాడీ గూడ పాత మోడలే. నీతోని కలుస్తడో లేదో చూడాలె."

రత్నాకర్ గొంతు తగ్గింది. "మీరు చర్చికి పోయేటోళ్ళు, మేము గుడికి పోయేటోళ్ళం. ఆయన వద్దంటే?"

"వాళ్ళు ప్రోగ్రాము తీసేస్తమంటే ఊకున్ననా?" అంది జెర్లిన్.